వాలు పది డిగ్రీలు

నగరి,
12 జూన్ 2024.

ప్రసాదూ,

ఉత్తరం చూసి భయపడొద్దు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అయిందల్లా నా చొక్కాకే. మీ అక్క ఫోన్‌లో చెప్పే ఉంటుంది, అయినా నేనే రాస్తున్నాను. మీ ఉదయలక్ష్మమ్మ నీతో అరగంట మాట్లాడి, ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి "బాగుండారంట" అని పెదవులు కదిలిస్తుంది. అరగంటకూ అదొక్క మాటేనా అబ్బా? ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ షెడ్లలో మగ్గాలు బాగుచేసి చెవులు పోగొట్టుకున్నవాడికి ఇంట్లో దక్కే వార్తలు ఇంతే. పోనీ సెల్లులో టైపు చేద్దామంటే నా వేలు ఒక అక్షరం మీద పెడితే మూడు పడతాయి. కాగితమే మేలు. కాగితం మీదున్న మాటను మధ్యలో ఎవరూ మింగలేరు.

సంగతి ఇది. మొన్న ఇంటి వెనక షెడ్డులో లేత్ మీద నాడె మొనలు తీస్తున్నాను. నువ్వు తిరుచానూరులో ఉండి మగ్గం మొహం చూడవు కాబట్టి చెబుతున్నా, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే చెక్క నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి, అవి అరిగిపోతే నావంటివాడు కొత్తవి చేసివ్వాలి. చిన్న కడ్డీ, చిన్న పని. ఆ కడ్డీని పట్టుకున్న చక్కు దవడ ఒకటి తిరుగుతూ తిరుగుతూ నా చొక్కా చేతిని కూడా పట్టుకుంది. మోచెయ్యి దాకా చింపుకొని పోయింది. పాత చొక్కా కాబట్టి చిరిగింది. కొత్తదైతే చెయ్యి పోయేది.

మీ అక్క ఆ గుడ్డపేలిక తెచ్చి నా ముందు పెట్టి, నేను పెదవులు చదవడానికి వీలుగా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "ఈ మిషను ఈ ఇంట్లో ఉంటే నేనుండను." ఆమె భయం నాకు అర్థం కాకపోలేదు. వినపడేవాళ్ళకు పని తేడా చేస్తే శబ్దం మారి తెలుస్తుంది. నాకు అరచెయ్యే చెవి. ఎడమ చెయ్యి మిషను తల మీద ఆనించి, ఆ అదురు చూసుకుంటూ పనిచేస్తాను. అందుకే నా చెయ్యి ఆ దవడలకు అంత దగ్గరగా ఉంటుంది. ఆమె నన్ను పిలవాలన్నా కేకలు పనికిరావు, తలుపు దగ్గర స్విచ్చి కొట్టి బల్బు ఆర్పి వెలిగిస్తుంది.

అయితే లేత్ పోతే నాకు ఏముంది చెప్పు. చెవులు పోయాక పవర్‌లూమ్ షెడ్డులో నన్ను పక్కన పెట్టారు. ఇంట్లో కూర్చుంటే పులుసులో కరివేపాకు బతుకు. అంబత్తూరులో ఈ పాత మిషను కొనేటప్పుడు పక్కన నిలబడింది నువ్వు, దీని మీద టూలు పట్టడం నేర్పింది నువ్వు. కాబట్టి దారి కూడా నువ్వే చెప్పాలి. నేనొకటి అనుకున్నాను. దవడలు లేని కాలెట్ చక్కు నేనే చేసుకుంటాను. పైకి గుండ్రంగా, నున్నగా ఉంటుంది, చొక్కాను పట్టుకునే కొమ్ములేవీ ఉండవు. అది బిగించి చూపిస్తే మిషను ఉండనిస్తానని మీ అక్క చేత మాట తీసుకున్నాను.

చెన్నైలో పారిస్ కార్నర్ బజారుకు వెళ్ళి కాలెట్లు, వాటి నట్టు కొనుక్కొచ్చాను. చీలికలున్న, నట్టు బిగిస్తే ముడుచుకొని కడ్డీని పట్టే ఆ చిన్న ఉక్కు గొట్టాలు చూస్తేనే ముచ్చటగా ఉన్నాయి. వాటిని పట్టుకునే ఒళ్ళు నేను చేయాలి. దాని లోపల గరాటు వాలు ఎన్ని డిగ్రీలు ఉండాలో అంగడివాడు చెప్పాడు కానీ నాకు వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గేసి తలూపి వచ్చేశాను. నువ్వు బొమ్మ గీసి, కొలతలు వేసి, వాలు రాసి పంపు.

మోహనకు, పిల్లకు ఆశీస్సులు. చింపిన చొక్కాను మీ అక్క దాచిపెట్టింది, నువ్వొస్తే చూపిస్తుందట.

నీ బావ,
చెంగల్రాయుడు

*

తిరుచానూరు,
20 జూన్ 2024.

బావా,

నీ ఉత్తరం మోహన చదివి వినిపించింది, చొక్కా కథ దగ్గర నవ్వి మళ్ళీ తనే కళ్ళు తుడుచుకుంది. ఆమెకు నువ్వంటే ప్రాణం. ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. అమ్మవారి గుడి వైపు నుంచి లాడ్జీల దాకా జనం, ఆటో దొరకదు, నేను వర్క్‌షాపుకు సైకిల్ మీదే పోతున్నాను. మా ఓనరు సైకిల్ చూసి "టర్నరు ఆరోగ్యంగా ఉండాడప్పా" అని వెటకారం.

బొమ్మ వేరే కాగితం మీద గీసి పెట్టాను. దాన్ని మడతపెట్టొద్దు, గోడకు అంటించుకో. ముందు ఒళ్ళు సంగతి. మంచి మెత్తటి ఉక్కు ముక్క తీసుకో. దవడల చక్కులోనే పట్టి, ముఖం చదును చేసి, బెజ్జం వేసి, వెనక మర కోసుకో. ఆ మర మిషను ముక్కుకు, అంటే చక్కు ఎక్కి తిరిగే కొసకు, సరిగ్గా కూర్చోవాలి. తర్వాత దవడల చక్కు తీసేసి, నీ ముక్కను మిషను ముక్కుకే బిగించి మిగతా పనంతా అక్కడే చెయ్యి. ఏ మిషను మీద తిరగాలో ఆ మిషను మీదే చెక్కితే ఊగకుండా తిరుగుతుంది. పైన నట్టు మర కొయ్యి. లోపల వాలు మాత్రం అన్నిటికన్నా చివర.

వాలు పది డిగ్రీలు. టూలును పట్టుకునే పై స్లైడు పది మీద పెట్టి బిగించి, టూలు మెల్లగా లాగు.

ఇక జాగ్రత్తలు. ఇవి ఊరికే రాయడం లేదు బావా, అక్క మీద ఒట్టు, ఒక్కటీ వదలొద్దు. పొడుగు చేతుల చొక్కా వద్దు, చేతికి గుడ్డ చుట్టొద్దు, గ్లౌజులు అసలే వద్దు. కళ్ళద్దాలు లేకుండా స్విచ్చి వేయొద్దు. చక్కు తాళం చక్కులో వదిలి మోటారు వేయొద్దు. ఉక్కు రజను చేత్తో లాగొద్దు, బ్రష్షు పెట్టుకో. కొలత చూడాలంటే మోటారు ఆపే చూడు. అన్నిటికన్నా ముఖ్యం, నీ మిషనుకు చక్కు మరతో ఎక్కుతుంది, కాబట్టి ఎప్పుడూ వెనక్కి తిప్పొద్దు, తిప్పావంటే చక్కు ఊడి ఒళ్ళో పడుతుంది. కాలెట్‌ను ముందు నట్టులో టక్కుమని కూర్చోబెట్టి, ఆ తర్వాతే ఒళ్ళులో పెట్టు.

తొందరేమీ లేదు. కుదరకపోతే మనసు కష్టపెట్టుకోవద్దు. ఎంత పెద్ద టర్నర్లకైనా కాలెట్ చక్కు మొదటిసారి కుదరదు. కుదరకపోతే వదిలేద్దాం, దానికేముంది.

పాదాలకు నమస్కారాలతో,
ప్రసాద్

*

నగరి,
6 జూలై 2024.

ప్రసాదూ,

కుదరకపోతే వదిలేద్దామని నువ్వు రాసిన మాట నాకు నచ్చలేదు. మీ వంశంలో ముందే చేతులెత్తేసే గుణం ఉంది, మీ నాయన చీట్లాటలో అట్లాగే చేసేవాడు.

బొమ్మ గోడకు అంటించాను. నువ్వు చెప్పినవన్నీ వరస తప్పకుండా చేస్తున్నాను. మీ అక్క నా చొక్కాలన్నిటికీ చేతులు కత్తిరించి కుట్టేసింది. పెళ్ళిళ్ళకు పోవడానికి ఒక్కటి మిగిలింది. ఒళ్ళు అయింది. వెనక మర మొదటిసారి వదులైపోయింది, ఆ ముక్క పారేసి ఇంకోటి తీసుకున్నాను. రెండోది ముక్కు మీద ఎంత బాగా కూర్చుందంటే, దాన్ని విప్పి బిగించి విప్పి బిగించి పొద్దంతా ఆడుకున్నాను. నట్టు మర కూడా కుదిరింది. ఈ వయసులో మర కోయడం వచ్చిందంటే నా గురువుకు దండం పెట్టుకోవద్దా? పెట్టుకున్నాను, తిరుచానూరు వైపు తిరిగి.

వాలు కూడా కోశాను, నువ్వు రాసినట్టే పది మీద పెట్టి. చూడ్డానికి అద్దంలా వచ్చింది. కానీ ఒక అనుమానం. కాలెట్‌కు నీలి రంగు పూసి లోపల పెట్టి, తిప్పి తీసి చూస్తే, రంగు లోపలి కొసనే అంటుకుంది. మూతి వైపు ఉక్కు తెల్లగా అట్లాగే ఉంది. అంటే మూతి దగ్గర ఆనడం లేదనే కదా? పూర్తిగా అంటాలి కదా? నేను పొరపాటు చేశానేమోనని మళ్ళీ స్లైడు గీత చూశాను. పది మీదే ఉంది.

చెన్నై బస్సెక్కి ఆ అంగడివాడిని అడగొచ్చు. కానీ నువ్వుండగా ఇంకొకడిని అడగడం నాకు ఇష్టం లేదు. నువ్వే చెప్పు.

మీ అక్క మారిపోయింది అబ్బా. మిషను పేరెత్తితే మండిపడేది, ఇప్పుడు షెడ్డుకు మజ్జిగ తెచ్చిస్తుంది, "మెల్లగా చేసుకో, తొందరేముండాది" అంటుంది. పక్కింటి వరదమ్మతో కూడా నా పని గురించి మంచిగా చెబుతోందట. నువ్వే ఫోన్‌లో నచ్చజెప్పి ఉంటావు. నీ రుణం ఉంచుకోనులే, మీ ఇంటికి మంచి నగరి లుంగీలు పంపుతాను.

రంగు సంగతి మరవకుండా రాయి.

నీ బావ,
చెంగల్రాయుడు

*

తిరుచానూరు,
15 జూలై 2024.

బావా,

నీ పని గురించి చదువుతుంటే సంతోషంగా ఉంది. మర అంత బాగా వచ్చిందంటే నేను నమ్మలేకపోయాను, మా వర్క్‌షాపులో పిల్లలకు చెప్పాను.

రంగు గురించి బెంగపడొద్దు. కొత్తగా కోసిన ఉక్కు అట్లాగే ఉంటుంది. నట్టు బిగిస్తే కాలెట్ ముడుచుకొని అంతా ఆనుకుంటుంది. పది సరైనదే. కడ్డీ కొంచెం జారితే జారుతుంది, జారినప్పుడు మోటారు ఆపేయ్, అంతే. పొడుగు కడ్డీ మాత్రం పెట్టొద్దు. నా మాట విను, అసలు ఇప్పుడే కోత పెట్టొద్దు, ఊరికే బిగించి చూసుకో.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకుండా చదువు. మా ఓనరు ఒక చిన్న లేత్ కోసం చూస్తున్నాడు. నీ మిషను చూసినవాడే కాబట్టి వెంటనే తీసుకుంటానన్నాడు. మనసు పెట్టి ఆలోచించు. ఒక వయసు వచ్చాక చేతులకూ విశ్రాంతి కావాలి. ఇక్కడికొచ్చి కొన్నాళ్ళు ఉండండి. పొద్దున్నే అమ్మవారి దర్శనం, సాయంత్రం నాతో కబుర్లు. కబుర్లంటే నేను కాగితం మీద రాస్తాను, నువ్వు నోటితో తిడతావు.

మోహనకు మోకాళ్ళ నొప్పి. పిల్ల పరీక్షలు బాగా రాసింది.

ప్రసాద్

*

నగరి,
24 జూలై 2024.

ప్రసాదూ,

మీ ఓనరుకు లేత్ కావాలంటే అంబత్తూరు బస్సు ఎక్కమను. దారి నీకు తెలుసు కదా, చూపించు.

నాకిప్పుడు అర్థమైంది. మొదటి ఉత్తరంలో 'కుదరకపోతే వదిలేద్దాం' అన్నావు. ఈ ఉత్తరంలో విశ్రాంతి అంటున్నావు. నా మిషను మీద నీ ఓనరు కన్నుపడింది, ఓనరు దగ్గర నీకు మంచి పేరు కావాలి. బామ్మర్దివి కాబట్టి ఊరుకుంటున్నాను, ఇంకొకడైతే ఆ కాగితం చింపి పొయ్యిలో వేసేవాడిని. మీ అక్కకు చూపిస్తే ఆమె తల వంచుకొని "వాడు మన మంచికే చెప్పినాడు" అంది. మన మంచి అంటే ఏందో చెప్పమంటే లోపలికి పోయింది. ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళు, ఒకరినొకరు వదులుకోరు. మంచిదే.

పని సంగతికి వస్తాను. అది వేరు, ఇది వేరు. నట్టు బిగించి ఉత్తి కడ్డీ పెట్టి తిప్పాను. అరచెయ్యి ఆనించి చూశాను. ఒక సన్నటి అదురు ఉంది ప్రసాదూ. మగ్గంలో ఎక్కడో ఒక మేకు వదులైతే చేతికి తెలిసినట్టు తెలుస్తోంది. నా చెయ్యి ఇది సరిగ్గా పట్టుకోలేదని చెబుతోంది. నీ కాగితం సరైనదే అంటోంది. చాలాసేపు కూర్చుని ఆలోచించి నీ కాగితం మాటే విన్నాను. మిషను మీద కన్నేసినవాడివైనా పని మాటలో నువ్వు అబద్ధం రాయవు. అది మాత్రం నాకు తెలుసు. నేను మగ్గాలవాడిని, లేత్ నీ చేతి విద్య.

ఆడికృత్తిక పండగ దగ్గర పడింది, ఊరంతా మొక్కు కావళ్ళ సందడి. తిరుత్తణి వైపు రోడ్డు మీద జనం పట్టడం లేదు, నాకు వినపడకపోయినా డప్పులు కాళ్ళకింద తెలుస్తాయి. పండగ కాగానే మొన ఒకటి కోసి నీకు పంపుతాను. అది చూసి అప్పుడు చెప్పు నాకు విశ్రాంతి కావాలో నీ ఓనరుకు సిగ్గు కావాలో.

నీ బావ,
చెంగల్రాయుడు

*

నగరి,
9 ఆగస్టు 2024.

ప్రసాదూ,

మీ అక్కకు దెబ్బ తగిలింది. కుడి కన్ను. నిన్ననే చెన్నై ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాము. కట్టు ఉంది. నువ్వు ఫోన్ చేశావని, ఆమె మాట్లాడిందని వరదమ్మ చెప్పింది. ఆమె నీకు ఏం చెప్పిందో నాకు తెలియదు, నా నోటితో చెప్పాల్సింది నేను రాస్తున్నాను.

పండగయ్యాక మొదటి కడ్డీ బిగించాను. పొట్టి ముక్కే. నట్టు గట్టిగా తిప్పాను. చేతుల్లేని చొక్కా, కళ్ళద్దాలు, అన్నీ నువ్వు రాసినట్టే. టూలు ఆనించాను. అదురు పెరిగింది. అదే సమయంలో బల్బు ఆరి వెలిగింది. మీ అక్క అన్నానికి పిలుస్తోందనుకొని, ఆగు అని చెయ్యి ఎత్తి చూపించి, తల తిప్పకుండా కోత కొనసాగించాను. బల్బు మళ్ళీ ఆరి వెలిగింది. ఆకలేస్తే నువ్వు తినెయ్ అని చెయ్యి ఊపాను. అప్పుడు ఆమె లోపలికి నడిచి వచ్చినట్టుంది. నా భుజం తట్టడానికి. ఇంకెట్లా పిలుస్తుంది నన్ను.

అరచెయ్యి కింద ఒక్క దడ. అంతే. మోటారు ఆపేసి చూస్తే కాలెట్ మూతిలో కడ్డీ లేదు. వెనక్కి తిరిగితే ఆమె నేల మీద కూర్చుని మొహం పట్టుకొని ఉంది. నోరు తెరిచి ఉంది. అరిచిందట. వరదమ్మ తన ఇంట్లో నుంచి విని పరిగెత్తి వచ్చింది. నేను ఆ గదిలోనే ఉండి వినలేదు.

కళ్ళద్దాలు నాకున్నాయి. ఆమెకు లేవు.

తప్పు నాది. నా చెయ్యి చెప్పినా వినలేదు. ఎక్కడ చెడగొట్టానో నాకు అంతుపట్టడం లేదు. స్లైడు పది మీదే ఉంది, ఇప్పుడు కూడా పోయి చూసి వచ్చాను. మర సరిగానే ఉంది. మూతి గరుకుగా వదిలేశానా? నట్టు చాలినంత బిగించలేదా? రాత్రీ పగలూ అదే ఆలోచన. నీ ఓనరు పేరు చెప్పి నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, నువ్వు నా మేలు కోరి మానుకోమన్నావు, నేను వినలేదు. ఇప్పుడు ఒక్కటి చెయ్యి. నేను ఎక్కడ తప్పానో నిర్మొహమాటంగా రాయి. తిట్టినా సరే. అది తెలియకుండా నేను ఆమె మొహం చూడలేకపోతున్నాను.

ఆమె ఒక్కసారి కూడా నన్ను ఒక మాట అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంటోంది. దానికన్నా తిడితే బాగుండేది.

చెంగల్రాయుడు

*

తిరుచానూరు,
14 ఆగస్టు 2024.

బావా,

నువ్వు ఎక్కడా తప్పలేదు.

వాలు ఎనిమిది డిగ్రీలు. పది కాదు. ఆ కాలెట్లు ఎవరు చేసినా ఎనిమిదే. నాకు తెలిసే పది అని రాశాను.

దీని తర్వాత నువ్వు చదువుతావో లేదో తెలియదు, అయినా రాస్తాను. నీ మొదటి ఉత్తరం కంటే ముందే అక్క ఫోన్ చేసి ఏడ్చింది. "ఆ మిషను నీ బావను మింగేస్తాది. నేను చెప్తే వినడు. నువ్వు చెప్తే వింటాడు. యాదో ఒకటి చెప్పి మాన్పించు ప్రసాదూ" అంది. మానుకోమంటే నువ్వు మానుకుంటావా? కాబట్టి ఎన్నిసార్లు చేసినా కుదరని కొలత ఇద్దామనుకున్నాను. పదికీ ఎనిమిదికీ కంటికి తేడా తెలియదు. కడ్డీ జారుతుంది, పట్టదు, నీకు విసుగు పుట్టి వదిలేస్తావు, అప్పుడు మా ఓనరు చేత మంచి ధరకు కొనిపిద్దాం అని లెక్క వేసుకున్నాను. అక్కకు చెబితే సరేనంది. అందుకే నీకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

జారుతుందనే అనుకున్నాను. లోపలి కొసన కొంచెం పట్టుకొని, మూతి దగ్గర వదులుగా ఊగి, కోత పడగానే విసిరేస్తుందని ఆలోచించలేదు. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నవాడిని, ఆలోచించి ఉండాలి. రంగు లోపలి కొసనే అంటుకుందని నువ్వు రాసినప్పుడు ఆ మాట రెండుసార్లు చదివాను. అప్పుడే నిజం రాసి ఉంటే సరిపోయేది. రాయలేకపోయాను. నువ్వు దండం పెట్టుకున్నానని రాశావు కదా, ఆ ఉత్తరంలోనే.

పండగయ్యాక కోస్తానని నువ్వు రాసింది అందగానే అక్కకు ఫోన్ చేశాను. "ఇంగ దాచొద్దు, అది పట్టదని చెప్పేయ్" అన్నాను. "నేనే చెప్తాలే, నువ్వు రాయొద్దు" అంది. ఎట్లా చెప్పాలో తెలియక రోజులు గడిపింది. ఆ రోజు మోటారు శబ్దం విని, నిన్ను ఆపడానికే స్విచ్చి కొట్టింది. అన్నానికి కాదు.

ఆమెను ఏమీ అనొద్దు. ఆమె నీ కోసం చేసింది. నన్ను ఏమైనా అను. వచ్చి నీ కాళ్ళ మీద పడతాను, రావద్దంటే చెప్పు, గుమ్మం బయటే నిలబడతాను.

ప్రసాద్

*

నగరి,
30 ఆగస్టు 2024.

మునిప్రసాద్‌కు,

నీ ఉత్తరం చదివాను. రావద్దు.

జవాబు రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే కోపం తగ్గాక మరిచిపోతాడులే అని మీరిద్దరూ అనుకుంటారు. కాబట్టి కొన్ని చెప్పి ఆపేస్తాను.

నువ్వు రాసిన రోజే స్లైడు ఎనిమిది మీద పెట్టి లోపల మళ్ళీ కోశాను. రంగు మూతి నుంచి కొస దాకా సమంగా అంటుకుంది. కడ్డీ బిగించి, షెడ్డు తలుపు లోపల గడియ పెట్టి, తిప్పాను. చేతికి ఏ అదురూ తెలియలేదు. మొన కోశాను, నున్నగా వచ్చింది. వచ్చిందని చెప్పడానికి ఎవరూ లేరు. లేత్ అమ్మను. పని అయ్యేదాకా ఆ గడియ తీయను.

ప్రసాదూ, నన్ను మానుకోమని మొహం మీద చెప్పి ఉంటే తిట్టేవాడిని, గొడవ పడేవాడిని, పది రోజులు మాట్లాడకుండా ఉండేవాడిని. అది మగవాళ్ళ మధ్య మామూలే. మిషను మోటారు వైరు కోసేసి ఉన్నా సరే అనుకునేవాడిని. నువ్వు నా చేతికి పని ఇచ్చి, పొడుగు చేతుల చొక్కా వద్దు, కళ్ళద్దాలు పెట్టుకో, అక్క మీద ఒట్టు అని అన్ని జాగ్రత్తలూ నిజంగా రాసి, వాటి మధ్యలో ఆ ఒక్క అబద్ధం పెట్టావు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. వినపడని చెవి కదా అని దాంట్లోనే పువ్వు పెట్టారు, అక్కా తమ్ముడూ కలిసి.

వినపడేవాళ్ళకు ఇంకో దారి ఉంటుంది. గొంతు మారితే తెలుస్తుంది, తడబడితే తెలుస్తుంది, పక్క గదిలో గుసగుస వినిపిస్తుంది. నాకు ఎదుటివాళ్ళు చెప్పిందే మాట, రాసిందే మాట. నేను లోకాన్నంతా మీ ఇద్దరి నుంచే వింటున్నాను. మీరు ఏది వినిపిస్తే అదే నాకు ఉంది. అది తెలిసినవాళ్ళు మీరు. తెలిసి చేశారు. నా మేలుకు చేశారన్నావు. ఇంకొకడు కీడుకు చేసి ఉంటే వాడిని వదిలేసి ఇంకొకరి దగ్గరికి పోయేవాడిని. ఇప్పుడు ఎవరి దగ్గరికి పోను?

నీ ఉత్తరం మీ అక్క ముందు పెట్టాను. చదివింది. ఆమె నా చెయ్యి పట్టుకొని చాలాసేపు మాట్లాడింది. నేను ఆమె పెదవుల వైపు చూడలేదు.

మొన్న కట్టు విప్పారు. డాక్టరు ఆమెకే అంతా చెప్పాడు, నాకు వినపడదు కదా. బయటికొచ్చాక ఎట్లా ఉంది అని అడిగాను. నవ్వింది. "బాగా కనపడతా ఉండాది. రెండు కళ్ళూ ఒకే మాదిరి ఉండాయి" అంది. ఇంటికి వచ్చాక సూదిలో దారం ఎక్కించింది. కానీ ఎక్కించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది, ఎడమ కన్ను సూది వైపు పెట్టి. అలవాటో ఏమో. గ్లాసు అందుకోబోయి పక్కన చెయ్యి పెట్టింది, తడుముకొని తీసుకుంది. అడిగితే మళ్ళీ అదే నవ్వు. నేను బాధపడతానని అబద్ధం చెబుతోందా, నిజంగానే కనపడుతోందా, నాకు తెలియదు. ఆమె పక్కన కూర్చుని అన్నం తింటున్నాను, తెలియదు. అడగడానికి వరదమ్మ ఉంది, ఆమెకు కూడా మీ అక్క ఏం చెప్పమంటే అదే చెబుతుంది.

నీకు మాత్రం ఫోన్‌లో నిజం చెబుతుంది. అడుగు. అడిగి నీ దగ్గరే పెట్టుకో. నాకు రాయొద్దు ప్రసాదూ. రాసినా నమ్మలేను.

చెంగల్రాయుడు